ఇంటి బీరుకు చల్లని గది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంట్లో బీరు కాచుకునే పాఠకులు ఈసారి రాసిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే బాధ: గది వేడిగా ఉంది, బీరును పులియబెట్టే ఈస్ట్ చల్లదనం కోరుతోంది, రెంటినీ కలపడం ఎలా? సొంత వాడకానికి బీరు చేసుకోవడాన్ని కొన్నిచోట్ల చట్టం ఒప్పుకుంటుంది, కొన్నిచోట్ల ఒప్పుకోదు. ముందు అది తెలుసుకుని తర్వాత రంపం పట్టండి.

ప్రశ్న: మా గదిలో పగలు 30 డిగ్రీలు, రాత్రి 26. 20 లీటర్ల ఏల్ రకం బీరు చేశాను. అరటిపండు వాసన కొడుతోంది, తాగితే థిన్నర్ లాంటి ఘాటు. నెల ఆగినా పోలేదు. ఈస్ట్ ప్యాకెట్ పాతదై ఉంటుందా? లేక కూలింగ్ తప్పదా?

జవాబు: ఈస్ట్‌ను నిందించకండి, వేడికి అది చేసే పనే చేసింది. మామూలు ఏల్ ఈస్ట్‌లకు 18 నుంచి 20 డిగ్రీలు, చల్లగా పులిసే లాగర్ రకం బీరు ఈస్ట్‌లకు 9 నుంచి 13 డిగ్రీలు హాయి. అంతకు మించి వేడెక్కితే ఎస్టర్లు పెరిగి పండ్ల వాసన వస్తుంది, ఫ్యూజెల్ ఆల్కహాళ్లు పెరిగి ఘాటు వస్తుంది. ఎస్టర్ల వాసన కాలంతో కొంత మెత్తబడవచ్చు. ఫ్యూజెల్ ఘాటు మాత్రం నిల్వ ఉంచినంత మాత్రాన పోదు.

గది 30 అంటే బీరు పులిసే పీపాలో 30 అనుకోకండి. ఈస్ట్ తానే వేడి పుట్టిస్తుంది. 1.050 గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత) ఉన్న 20 లీటర్ల వోర్ట్ (ఇంకా పులియని తీపి ద్రవం) పూర్తిగా పులిసేసరికి దాదాపు 950 కిలోజౌళ్ల వేడి వస్తుంది. అది బయటికి పోయే దారే లేకపోతే ద్రవం 11 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఎంతో కొంత పోతూనే ఉంటుంది కాబట్టి, జోరుగా పులిసే రోజుల్లో ద్రవం గది గాలికన్నా 2 నుంచి 5 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అంటే మీ ఈస్ట్ 33, 34 దగ్గర పనిచేసింది.

కాబట్టి కూలింగ్ కావాలి. అయితే ఎంత కావాలో లెక్క వేసుకుంటే భయం పోతుంది. జోరుగా పులిసే రోజున కూడా ఈస్ట్ వేడి సగటున 5, 6 వాట్లే. అసలు భారం గోడల గుండా లోపలికి చొరబడే గది వేడిది. అందుకే యంత్రం ఎంత పెద్దదని తర్వాత అడగండి, పెట్టె ఎంత మందమని ముందు అడగండి.

ఇంకో సంగతి. రుచి చెడేది ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే. 28 డిగ్రీల వోర్ట్‌లో ఈస్ట్ వేసి, తర్వాత మెల్లగా చల్లబరుద్దాం అనుకుంటే కూలింగ్ పెట్టె ఉండీ లాభం లేదు. వోర్ట్‌ను అనుకున్న ఉష్ణోగ్రతకన్నా ఒకటి రెండు డిగ్రీలు కిందికి దించాకే ఈస్ట్ వేయండి. జోరు తగ్గాక 20, 21 దాకా పెరగనిస్తే మంచిదే. వెన్న వాసన తెచ్చే డయాసెటిల్‌ను ఈస్ట్ అప్పుడు శుభ్రం చేసుకుంటుంది.

చల్లబరిచే వీలే లేదంటే ఈస్ట్‌నే మార్చుకోండి. క్వేక్ రకాలు 30 నుంచి 40 డిగ్రీల మధ్య కూడా శుభ్రంగా పులుస్తాయి.

ప్రశ్న: పీపాను నీళ్ల టబ్బులో పెట్టి, తడి బట్ట చుట్టి, ఫ్యాను పెడితే చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: గాలి పొడిగా ఉంటే నిజం. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్లను పట్టుకుపోతుంది, అది తక్కువేం కాదు. కానీ బట్ట ఎంత తడిపినా ఉష్ణోగ్రత వెట్ బల్బ్ గీత దాటి కిందికి దిగదు. గది 35 డిగ్రీలు, తేమ 30 శాతం అయితే ఆ గీత 22 దగ్గర ఉంటుంది. గది 32 డిగ్రీలు, తేమ 80 శాతం అయితే 29 దగ్గర. ఉక్కపోతలో ఫ్యాను తిప్పి లాభం లేదు.

టబ్బు మాత్రం ఉంచుకోండి, గడ్డకట్టిన సీసాలతో అది బాగా పనిచేస్తుంది. 20 లీటర్ల బీరు, చుట్టూ 30 లీటర్ల నీరు ఉన్నప్పుడు 2 లీటర్ల ఐస్ సీసా ఒకటి వేస్తే మొత్తం 3 నుంచి 4 డిగ్రీలు దిగుతుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మార్చుకునే ఓపిక ఉంటే మొదటి బ్యాచ్‌కు ఇదే చాలు. నీళ్లు పాచిపట్టకుండా రెండు చెంచాల బ్లీచ్ కలపండి. బట్ట అంచు పీపా మూత దాకా మాత్రం పాకనివ్వకండి, తడితో పాటు బూజు కూడా ఎక్కుతుంది.

ప్రశ్న: ఫ్రిజ్ పెట్టే చోటు లేదు. ఐస్ సీసాలతో, థర్మోస్టాట్‌తో పనిచేసే పెట్టె కట్టుకోవాలని ఉంది. కొలతలు, వస్తువులు వివరంగా చెప్పండి. రోజుకు ఎంత ఐస్ పడుతుంది?

జవాబు: రెండు అరల పెట్టె కట్టండి. ఒక అరలో పీపా, పక్క అరలో ఐస్. మధ్యలో అడ్డుగోడ, దానికో చిన్న ఫ్యాను. బీరు వేడెక్కినప్పుడు థర్మోస్టాట్ ఫ్యానును తిప్పుతుంది, చల్లబడగానే ఆపేస్తుంది. యంత్రాంగం అంతే.

25, 30 లీటర్ల బకెట్టుకు పీపా అర లోపలి కొలత 42 x 42 సెంటీమీటర్లు, ఎత్తు 65. ఎయిర్‌లాక్‌కు (మూత మీద ఉండి, నీళ్ల గుండా వాయువును బయటికి వదిలే గొట్టం) 15 సెంటీమీటర్లు వదలాలి, చాలామంది మరిచేది ఇదే. ఐస్ అర 25 x 42, ఎత్తు అదే. ముందు మీ పీపాను ఎయిర్‌లాక్‌తో సహా కొలిచి, తర్వాతే షీటు కోయండి.

గోడలకు 5 సెంటీమీటర్ల మందం ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) షీటు వాడండి. థర్మోకోల్ కూడా పనికొస్తుంది గానీ గింజలు రాలుతుంది, నీరు తగిలితే తేమ పీలుస్తుంది. అతుకులకు ఫోమ్ జిగురు లేదా సిలికాన్ వాడండి. ఘాటు ద్రావకాలున్న కాంటాక్ట్ జిగురు పూస్తే షీటు కరిగిపోతుంది, ముందు చిన్న ముక్క మీద పరీక్షించండి. అతుకుల మీద అల్యూమినియం టేపు, బయట పలుచని ప్లైవుడ్. తలుపు చుట్టూ ఫోమ్ బీడింగు వేసి, రెండు వైపులా బిగించే కొక్కేలు పెట్టండి. కట్టాక లోపల టార్చి వెలిగించి పెట్టి, చీకట్లో బయటనుంచి చూడండి. వెలుగు కనబడిన ప్రతి చోటా చల్లదనం కారుతున్నట్టే.

ఇప్పుడు అసలు కిటుకు, అడ్డుగోడ. చాలా బొమ్మల్లో గాలి వెళ్లే కంత పైన, వచ్చే కంత కింద ఉంటాయి. అలా చేస్తే ఫ్యాను ఆగినా చల్లగాలి బరువుకు కింది కంత గుండా జారిపోతూనే ఉంటుంది. థర్మోస్టాట్ ఆపమన్నా పెట్టె ఆగదు, బీరు 18 అనుకుంటే 14కు చేరుతుంది. కాబట్టి రెండు కంతలూ పైభాగంలోనే పెట్టండి. ఐస్ అర లోపల నిలువుగా ఒక అడ్డు పలక పెట్టి, అడుగున 8 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఫ్యాను ఊదిన గాలి పలకకు ఒక పక్కన కిందికి దిగి, అడుగున తిరిగి, సీసాల మీదుగా రెండో పక్కన పైకి వచ్చి బయటపడుతుంది. ఫ్యాను ఆగితే చల్లగాలి బావిలో నీళ్లలా అక్కడే నిలబడిపోతుంది. బయటికి వచ్చే కంతకు పలుచని ప్లాస్టిక్ రెక్క వేలాడదీస్తే ఇంకా మేలు.

ఫ్యాను 120 మిల్లీమీటర్ల, 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను చాలు. రెండు మూడు వాట్లే తింటుంది. ఐస్ అర అడుగున ట్రే తప్పనిసరి. సీసాల మీద పట్టిన తేమ కారి ప్లైవుడ్‌ను ఉబ్బిస్తుంది.

ఇక ఐస్ లెక్క. గది 30, బీరు 17 అనుకుంటే, ఈ పెట్టె గోడలు, తలుపు సందులు కలిపి 20 వాట్ల దాకా వేడిని లోపలికి రానిస్తాయి. ఈస్ట్ వేడిని కొంచెం ఎక్కువే పట్టి 7 వాట్లు అనుకుందాం. మొత్తం 27. రోజుకు దాదాపు 2,300 కిలోజౌళ్లు. కిలో ఐస్ ఫ్రీజర్ నుంచి వచ్చి, కరిగి, 15 డిగ్రీల నీరయ్యే లోపు 435 కిలోజౌళ్లు లాగుతుంది. అంటే రోజుకు 5.4 కిలోలు: 1.8 కిలోల చొప్పున నింపిన 2 లీటర్ల సీసాలు మూడు. జోరు తగ్గాక రోజుకు రెండుంపావు సీసాల పని. అదే 2.5 సెంటీమీటర్ల షీటుతో కడితే మొదటి రోజుల్లో అయిదు సీసాలు కావాలి. షీటు మీద మిగిల్చింది మీ ఇంటి ఫ్రీజర్ నెత్తిన పడుతుంది. 2 లీటర్ల నీరు గట్టిగా గడ్డకట్టడానికి ఒక పూట చాలదు, కాబట్టి మూడు పెట్టెలో ఉంటే మరో మూడు ఫ్రీజర్లో ఉండాలి. సీసాలు అంచుదాకా నింపకండి. ఐస్ అయ్యేటప్పుడు నీరు 9 శాతం పెరిగి సీసాను చీలుస్తుంది.

ఈ పెట్టె ఏల్‌కే. గది 30లో ఉండగా 10 డిగ్రీల లాగర్ దీనితో చేయబోతే సీసాలు మోయడమే సరిపోతుంది.

ప్రశ్న: ఉష్ణోగ్రత కంట్రోలర్ సరిగ్గా 18 చూపిస్తోంది. అయినా బీరులో థర్మామీటర్ ముంచితే 22. కంట్రోలర్ పాడైనట్టా?

జవాబు: కంట్రోలర్ నిజమే చెబుతోంది, గాలి గురించి. సెన్సర్‌ను పెట్టెలో వేలాడదీశారు కదూ? 20 లీటర్ల ద్రవం గాలి అంత వేగంగా చల్లబడదు. గాలి 18కి రాగానే కూలింగ్ ఆగిపోతుంది, ఈస్ట్ మాత్రం లోపల వేడి పుట్టిస్తూనే ఉంటుంది.

సెన్సర్‌ను పీపా పక్కకు, ద్రవ మట్టానికి కింద, మధ్య ఎత్తులో అంటించండి. దానిమీద అరచేయంత ఫోమ్ ముక్క, కనీసం 2 సెంటీమీటర్ల మందం, గట్టిగా టేపు వేయండి. ఆ ఫోమే ముఖ్యం: అది లేకపోతే సెన్సర్ సగం గాలినే చదువుతుంది. ఇలా చేస్తే లోపలి ఉష్ణోగ్రతకు ఒక డిగ్రీ అటూ ఇటూగా చూపిస్తుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే మూతకు రంధ్రం చేసి స్టీలు థర్మోవెల్ (సెన్సర్ దూర్చే, అడుగు మూసిన గొట్టం) దింపండి. సెన్సర్‌ను నేరుగా బీరులో ముంచకండి. దాని అతుకు శుభ్రపడదు, కొన్నాళ్లకు నీరు దిగి తప్పుడు లెక్క చూపిస్తుంది.

వాడేముందు సెన్సర్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నలిపిన ఐస్, కొంచెం నీరు కలిపిన గ్లాసులో పది నిమిషాలు ఉంచండి. సున్నా చూపాలి. ఒక డిగ్రీ తేడా ఉంటే కంట్రోలర్ సెట్టింగులో సరిదిద్దుకోవచ్చు.

ప్రశ్న: పాత ఫ్రిజ్ ఒకటి, పై మూత డీప్ ఫ్రీజర్ ఒకటి దొరుకుతున్నాయి. ఏది తీసుకోవాలి? ఎస్‌టీసీ-1000 కంట్రోలర్ కొన్నాను, దాన్ని ఎలా కలపాలి, ఏ విలువలు పెట్టాలి?

జవాబు: నిలువు ఫ్రిజ్ తీసుకోండి, అదీ గుండ్రటి మీట తిప్పే పాత రకం. నిండు పీపా 25 కిలోలు దాటుతుంది. దాన్ని డీప్ ఫ్రీజర్ అంచు దాటించి పైకి ఎత్తడం నడుముకు మంచిది కాదు. డీప్ ఫ్రీజర్ గోడలు మందం, చల్లదనం బాగా నిలుస్తుంది, రెండు మూడు పీపాలు పడతాయి. ఎత్తడానికి ఇంకో మనిషో, కప్పీయో ఉంటే అదీ మంచిదే. ఇన్వర్టర్ ఫ్రిజ్ మాత్రం వద్దు. ఎలక్ట్రానిక్ బోర్డుకు మాటిమాటికీ కరెంటు తీసి ఇస్తుంటే కొన్ని తిరిగి మొదలే కావు, కొన్ని తమ ఇష్టం వచ్చినప్పుడు మొదలవుతాయి.

ఎస్‌టీసీ-1000లో రెండు రిలేలు ఉంటాయి, ఒకటి కూలింగ్‌కు, ఒకటి హీటింగ్‌కు. అవి కరెంటు ఇవ్వవు, స్విచ్చులా కలిపి విడదీస్తాయి, అంతే. ఫేజు వైరును నేరుగా కంట్రోలర్‌కూ, రెండు రిలేల గుండా రెండు సాకెట్లకూ తీసుకెళ్లండి. న్యూట్రల్ నేరుగా సాకెట్లకూ కంట్రోలర్‌కూ, ఎర్త్ నేరుగా సాకెట్లకు. అన్నిటినీ మూసిన ప్లాస్టిక్ పెట్టెలో బిగించండి. తేమ, కరెంటు ఒకేచోట ఉంటున్నాయి కాబట్టి ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) ఉండాల్సిందే. ఫేజు ఏదో, న్యూట్రల్ ఏదో తడుముకునేవారైతే ఆ పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. రిలే 10 ఆంపియర్లది. చిన్న ఫ్రిజ్‌కు చాలు, పెద్ద ఫ్రీజర్ అయితే మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటు మోసే పెద్ద రిలే) పెట్టండి. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతుంది.

విలువలు: ఎఫ్1 మీకు కావలసిన ఉష్ణోగ్రత, ఏల్‌కు 18. ఎఫ్2 తేడా, 0.5 పెట్టండి. అప్పుడు 18.5కు కూలింగ్ మొదలై 18కి ఆగుతుంది, 17.5కు హీటింగ్ మొదలై 18కి ఆగుతుంది. ఎఫ్3 కంప్రెసర్ విరామం, 5 నిమిషాలు. ఆగిన వెంటనే మళ్లీ మొదలైతే లోపలి గ్యాసు ఒత్తిడి ఇంకా సమం కాక కంప్రెసర్ తిరగలేక వేడెక్కుతుంది. ఎఫ్4 సెన్సర్ సవరణ. ఫ్రిజ్ సొంత మీటను గరిష్ఠ చలికి తిప్పి వదిలేయండి, లేకపోతే రెండు థర్మోస్టాట్లు పోట్లాడుకుంటాయి.

ఎఫ్2ను 0.3కు దించితే ఇంకా కచ్చితం అనుకోకండి. కంప్రెసర్ ఆగాక కూడా లోపలి పలక కాసేపు చల్లగానే ఉండి బీరును ఇంకొంచెం దించుతుంది. హీటర్ దాన్ని పైకి నెడుతుంది, మళ్లీ కంప్రెసర్. రాత్రంతా కబడ్డీ ఆడి కరెంటు తింటాయి. అలా జరుగుతుంటే తేడా ఒక డిగ్రీకి పెంచండి, హీటర్ 25 నుంచి 40 వాట్లకు మించనివ్వకండి. హీటర్ అంటే పీపాకు చుట్టే బెల్టు. బల్బు పెట్టకండి. వెలుగు తగిలితే బీరులో వేసే హాప్స్ పూలలోని చేదు పదార్థాలు విడిపోయి బీరుకు ముక్కు మూసుకునే గంధకం వాసన పడుతుంది.

వైర్లకోసం డీప్ ఫ్రీజర్ గోడకు రంధ్రం పెట్టకండి. గ్యాసు గొట్టాలు ఆ గోడల్లోనే పాకుతుంటాయి. ఈ కాలపు ఫ్రీజర్లలో చాలావాటిలో ఉండే ఆర్600ఏ మండే వాయువు కూడా. మూత సందులోంచి సన్నని వైరు తీయండి, లేదా మూతకూ పెట్టెకూ మధ్య చెక్క చట్రం వేసి, ఆ చెక్కకు రంధ్రం చేయండి.

ఒక హెచ్చరిక. 20 లీటర్ల బీరు పులిసేసరికి 400 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. గాలికన్నా బరువైన ఆ వాయువు పై మూత ఫ్రీజర్లో అడుగున నిలబడుతుంది. మూత తెరవగానే తల లోపల పెట్టి వంగకండి. కొన్ని నిమిషాలు తెరిచి ఉంచి, చిన్న ఫ్యానుతో ఊది, అప్పుడు పీపా తీయండి.

ప్రశ్న: పెల్టియర్ పలకతో (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కేది) చేస్తే చప్పుడు లేదు, కంప్రెసర్ లేదు. టీఈసీ1-12706 రకం పలక ఒకటి సరిపోతుందా?

జవాబు: పై ఐస్ పెట్టెకు, 30 డిగ్రీల గదిలో, ఒకటి సరిపోదు. 12 వోల్టుల దగ్గర అది 50, 60 వాట్లు తీసుకుని మీకు మిగిల్చేది 20 వాట్ల చలి, అదీ వేడిని గాలిలోకి వదిలే హీట్ సింక్ పెద్దదైతే. కావలసింది 27. రెండు పెడితే 110 వాట్లు ఆగకుండా తినే పెట్టె తయారవుతుంది. చిన్న కంప్రెసర్ ఇదే పనిని సగటున 20, 30 వాట్లతో చేస్తుంది. పైగా పలకల వేడి పక్కన ఫ్యాను మోత మోగుతూనే ఉంటుంది కాబట్టి చప్పుడు లేదన్న మాటా నిలవదు.

గది 24, 25 డిగ్రీలే ఉండి, 5 నుంచి 10 లీటర్ల చిన్న పీపా అయితే బాగుంటుంది. అప్పుడు రెండు జాగ్రత్తలు. వేడి వైపు హీట్ సింక్ 80 వాట్లు వదిలించుకోగలగాలి, చేయి పెడితే గోరువెచ్చగానే ఉండాలి. చుర్రుమంటే పలక పనిచేయడం లేదని అర్థం. రెండోది, రిలేతో పూర్తిగా ఆపకండి. ఆపగానే వేడి వైపు నుంచి వేడి అదే పలక గుండా లోపలికి తిరిగొస్తుంది, పదేపదే వేడెక్కి చల్లారి లోపలి టంకం అతుకులు పగులుతాయి. చలి చాలనప్పుడు 12 వోల్టులు, చాలినప్పుడు 5 వోల్టులు, ఇలా రెండు సప్లయిల మధ్య మార్చండి.

ప్రశ్న: పీపాలోకి స్టీలు కాయిల్ దించి చల్లని నీరు తిప్పితే? గ్లైకాల్ తప్పనిసరా?

జవాబు: చోటు తక్కువ ఉన్నవారికి ఇది మంచి దారి. 304 రకం స్టీలు గొట్టం, 10 మిల్లీమీటర్లది, 3 మీటర్లు చాలు. 10 మీటర్లు పెట్టినా నష్టం లేదు, కడగడమే కష్టం. బీరు లోపల అతుకు ఒక్కటీ ఉండకూడదు, గొట్టం రెండు కొసలూ మూత దాటి బయటికి వచ్చాకే పైపు తగిలించాలి. 15 లీటర్ల ఐస్ బాక్సులో నీరు, ఐస్ సీసాలు, ఒక చిన్న అక్వేరియం పంపు. పంపును కంట్రోలర్ కూలింగ్ సాకెట్‌కు పెట్టండి. పీపాకు దుప్పటి లాంటి మందపు జాకెట్ లేకపోతే ఆ చలి అంతా గదికే పోతుంది. పైపులకూ ఫోమ్ తొడుగు వేయండి.

ఏల్‌కు మామూలు నీరు చాలు. ఐస్ బాక్సులోని నీటిని సున్నాకు కిందికి దించాల్సి వస్తేనే, అది గడ్డకట్టకుండా గ్లైకాల్ కలపాలి. అప్పుడు కూడా ప్రొపిలీన్ గ్లైకాల్ మాత్రమే. కార్లలో పోసే కూలెంట్ ఎక్కువగా ఎథిలీన్ గ్లైకాల్, అది విషం. బీరు దగ్గరికే రానివ్వకండి.

ప్రశ్న: పులిసిపోయాక 2 డిగ్రీలకు దించితే ఎయిర్‌లాక్ నీళ్లన్నీ పీపాలోకి పోయాయి. బ్యాచ్ పారబోయాలా?

జవాబు: వద్దు. చల్లబడితే పీపాలోని వాయువు ముడుచుకుంటుంది, కొంత బీరులో కరుగుతుంది, ఆ ఖాళీలోకి నీరు లాక్కుంటుంది. ఎయిర్‌లాక్‌లో శానిటైజరో, ఘాటు మద్యమో పోసి ఉంటే ఆ కాస్త వల్ల ఏమీ కాదు. కుళాయి నీళ్లయితే కొంత అనుమానించాలి, తొందరగా తాగేయండి. అసలు నష్టం నీటివల్ల కాదు, దాని వెనకే దూరిన గాలివల్ల. హాప్స్ దండిగా వేసిన బీర్లు ఆక్సిజన్ తగిలితే రోజుల్లోనే రంగు మారి అట్టముక్క రుచికి వస్తాయి.

ఈసారి దించే ముందు ఎస్ ఆకారపు ఎయిర్‌లాక్ మార్చండి, గాలి అటూ ఇటూ పోయినా నీరు లోపలికి రాదు. గాలి కూడా రాకూడదనుకుంటే పులియడం ఇంకా జోరుగా ఉన్నప్పుడే ఎయిర్‌లాక్ చోట శుభ్రం చేసిన సంచి తగిలించి, అందులో రెండు మూడు లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పట్టి ఉంచండి. చల్లబరిచినప్పుడు పీపా దాన్నే పీల్చుకుంటుంది. ఉష్ణోగ్రతను ఒక్కసారిగా కాకుండా రోజుకు నాలుగైదు డిగ్రీల చొప్పున దించితే సంచి ఎలా ముడుచుకుంటోందో గమనించే తీరిక ఉంటుంది. పూర్తిగా చదునైపోతే అక్కడితో చల్లబరచడం ఆపి, మూత అంచు నుంచి గాలి తీస్తోందేమో చూడండి.